ఒప్పుకోలు సన్నివేశానికి నోయిర్ లైటింగ్: పదడుగుల గదిలో, ఒకే కీ లైట్‌తో

1944లో వచ్చిన ‘డబుల్ ఇండెమ్నిటీ’లో హంతకుడు ఎవరన్నది రహస్యం కాదు. సినిమా మొదలైన కాసేపటికే వాల్టర్ నెఫ్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు, ఒంట్లో తూటా దిగినవాడు, రాత్రివేళ ఖాళీ ఆఫీసుకొచ్చి డిక్టాఫోన్ (గొంతు రికార్డు చేసే యంత్రం) ముందు కూర్చుని తానే చంపానని చెప్పేస్తాడు. మిగతా కథంతా ఆ ఒప్పుకోలు వెంటే నడుస్తుంది. దర్శకుడు బిల్లీ వైల్డర్, కెమెరా జాన్ ఎఫ్. సైట్జ్. ప్రమాదంలో పోతే రెట్టింపు సొమ్ము వచ్చే పాలసీ షరతు పేరే సినిమా పేరు. ఎవరు చేశారో మొదట్లోనే తెలిసిపోయాక ప్రేక్షకుడు దేన్ని చూస్తూ కూర్చోవాలి? ఆ మనిషి ముఖాన్ని. అందుకే ఈ తరహా సినిమాలో లైటింగ్ అలంకారం కాదు, కథలో సగం పని దానిదే.

ఈ వ్యాసం షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్ల కోసం. 10×12 అడుగుల మామూలు గది, ఒక గట్టి లైటు, ఒక టేబుల్ ల్యాంపు ఉంటే చాలు, అలాంటి ఒప్పుకోలు సన్నివేశాన్ని తీయొచ్చు. (నోయిర్ అంటే గట్టి నీడలతో, చీకటితో నడిచే ఇలాంటి నేర కథల సినిమా. ఫ్రెంచి మాట కాబట్టి ‘నువార్’ అనాలి. మన దగ్గర నోయిర్ అని స్థిరపడిపోయింది, దాన్నే వాడదాం.)

ముందే ఒక నిర్ణయం తీసుకోండి. సినిమా మొత్తంలో కిటికీ నీడ ఎక్కడ పడుతుంది? నేరానికి ముందు వచ్చే సీన్లలో ఆ గీతలు గోడ మీదే ఉండాలి. నేరానికి సిద్ధపడే సీనులో చొక్కా మీదికి రావాలి. ఒప్పుకోలులో ముఖం మీదికి ఎక్కాలి. ఇలా ముందే అనుకుంటే లైటు, ఫ్రేము, కుర్చీ ఎక్కడుండాలో వాటంతటవే తేలుతాయి. ఇది అనుకోకుండా మొదలుపెట్టినవాళ్లు ప్రతి సీనులోనూ నటుడి ముఖం మీద గీతలేసి, అసలు సీను వచ్చేసరికి చేతిలో ఏమీ మిగుల్చుకోరు.

కావలసిన సామాను

కీ లైటుగా, అంటే ముఖాన్ని వెలిగించే ప్రధాన లైటుగా, 60 నుంచి 100 వాట్ల సీఓబీ ఎల్‌ఈడీ ఒకటి. అంటే మధ్యలో పసుపు చిప్ కనిపించే రకం. అద్దె సామానులో 650 వాట్ల టంగ్‌స్టన్ ఫ్రెనెల్ (ముందు లెన్సు ఉండే ఫిలమెంటు లైటు) దొరికితే అదీ బాగానే పనికొస్తుంది. చతురస్రాకారపు ఎల్‌ఈడీ ప్యానెల్ మాత్రం వద్దు. ఎందుకో కిందే తెలుస్తుంది. డిమ్మర్ ఉన్న టేబుల్ ల్యాంపు ఒకటి, లైట్ స్టాండ్లు 3, ఇసుక సంచులు 3, నల్లగుడ్డ కనీసం 6×6 అడుగులది రెండు ముక్కలు, 3 మి.మీ. సన్‌బోర్డ్ (తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ అట్ట) షీటు ఒకటి, మ్యాట్ నలుపు స్ప్రే డబ్బా ఒకటి, 1 అంగుళం రీపర్లు (సన్న చెక్క పట్టీలు) 4, గాఫర్ టేపు (గట్టి గుడ్డ టేపు). అక్కర్లేని వెలుగును అడ్డుకునే కట్టర్లుగా నల్ల రంగు వేసిన అట్టముక్కలు చాలు.

టంగ్‌స్టన్ లైటు తీసుకుంటే కరెంటు లెక్క చూసుకోండి. ఇంట్లోని చిన్న 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర గరిష్ఠంగా 1,380 వాట్లు మోస్తుంది. 650 వాట్ల లైటుకు ఇబ్బంది లేదు. 2 కిలోవాట్ల లైటయితే ఏసీకో గీజరుకో ఉండే 16 ఆంపియర్ల సాకెట్ కావాల్సిందే. ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టగా ఉంచి వాడొద్దు, పూర్తిగా విప్పి పరచండి. చుట్టలో వేడి బయటికి పోయే దారి ఉండదు.

ముందు గదిని నల్లబరచండి

మన ఇళ్లలో నోయిర్ చెడిపోవడానికి మొదటి కారణం సున్నం గోడలు, రెండోది విట్రిఫైడ్ టైల్స్. కీ లైటు నటుడి మీద పడి, ఎదుటి తెల్ల గోడకు తగిలి, తిరిగి నీడ వైపు వచ్చేస్తుంది. మీరు ఫిల్ లైటు (నీడను తేలికపరిచే రెండో లైటు) పెట్టకపోయినా గదే పెడుతుంది. నున్నటి టైల్స్ కింది నుంచి గడ్డం మీదికి వెలుగు కొడతాయి. సీలింగ్ కూడా తన వంతు కలుపుతుంది.

నటుడి నీడ వైపున, ఫ్రేములో కనిపించనంత దగ్గరగా, 60 నుంచి 90 సెం.మీ. దూరంలో ఒక నల్లగుడ్డ వేలాడదీయండి. వెలుగు కలపడానికి థర్మోకోల్ పెట్టినట్టే, వెలుగు తాగేయడానికి ఇది. రెండో గుడ్డ నటుడి ముందు నేల మీద పరచండి. ఫ్రేములో నేల కనిపిస్తే ముదురు రంగు జంపఖానా వేయొచ్చు. ఈ రెండు పనులకు అయ్యేది పది నిమిషాలు. వాటి వల్ల వచ్చే తేడా ఇంకో లైటు తెచ్చినా రాదు.

పగటిపూట తీయాలంటే కిటికీలే కాదు, పైనున్న వెంటిలేటర్లు, తలుపు కింది సందు కూడా మూయాలి. దినపత్రిక మీద నల్లగుడ్డ వేస్తే సరిపోతుంది, ఒక్క గుడ్డయితే ఎండ వడపోతలా లోపలికి దిగుతుంది. రాత్రి 7 దాటాక తీస్తే ఈ గొడవే ఉండదు. తీసేది ఎలాగూ రాత్రి సన్నివేశమే.

కిటికీ నీడ

ఆ రోజుల్లో అమెరికా ఆఫీసుల్లో, ఇళ్లలో వెనీషియన్ బ్లైండ్స్ (అడ్డ పలకల కిటికీ తెరలు) ఉండటం మామూలు. సినిమా వాళ్లు ఆ పలకల మధ్య నుంచి వెలుగు కొట్టి, మనిషి ఒంటి మీద జైలు ఊచలు వేశారు. మన ఇళ్లలో బ్లైండ్స్ అరుదు, కిటికీకి ఇనుప గ్రిల్ ఉంటుంది. నిజానికి కథ ఇక్కడిదయితే నిలువు ఊచల నీడే నమ్మకంగా ఉంటుంది. పాత ఇంటి కిటికీ ఊచలయితే మరీ బావుంటుంది, బ్లైండ్స్ కోసం వెతుక్కోనక్కర్లేదు. పూల డిజైన్ గ్రిల్ మాత్రం దూరం నుంచి ముగ్గులా కనిపించి నవ్వు తెప్పిస్తుంది. అడ్డగీతలే కావాలనుకుంటే ఫ్రేము మీరే చేసుకోండి.

సన్‌బోర్డును 90 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పుతో 15 పట్టీలుగా కోయండి. రెండు వైపులా మ్యాట్ నలుపు కొట్టండి. తెల్ల అంచు మిగిలితే అది మెరిసి నీడను పాలిపోయేలా చేస్తుంది. 120 సెం.మీ. పొడవున్న రెండు రీపర్లను నిలువుగా, మిగతా రెండింటి నుంచి కోసిన ముక్కలను అడ్డంగా పెట్టి చట్రం కట్టండి. దాని మీద పట్టీల మధ్య సరిగ్గా 4 సెం.మీ. ఖాళీ వదిలి అంటించండి. చట్రం చుట్టూ ఉన్న ఖాళీలోంచి వెలుగు తప్పించుకోకుండా నాలుగు వైపులా నల్లగుడ్డ ముక్కలు కట్టండి. ఈ చివరి పని మర్చిపోతే గీతల చుట్టూ గోడంతా తెల్లగా వెలిగిపోయి, కిటికీ నీడ కాస్తా గోడకు తగిలించిన చిత్రపటంలా కనిపిస్తుంది.

దూరాలు ఇలా పెట్టండి: లైటు నుంచి చట్రానికి 2.5 మీటర్లు, చట్రం నుంచి నటుడికి 1.5 మీటర్లు, నటుడి వెనక గోడ మరో అర మీటరు. మొత్తం నాలుగున్నర మీటర్లు. 10×12 అడుగుల గది పొడవునా ఇది పట్టదు, కోణాకోణి పడుతుంది (ఆ కొలత సుమారు 4.7 మీటర్లు). స్టాండు కాళ్లకు చోటు చాలకపోతే లైటును తలుపు అవతలో బాల్కనీలోనో పెట్టండి.

ఈ కొలతల వెనక లెక్క తెలిస్తే ఏ గదికైనా మార్చుకోవచ్చు. నీడ గీత వెడల్పు = పట్టీ వెడల్పు × (లైటు నుంచి నటుడి దూరం ÷ లైటు నుంచి చట్రం దూరం). మనకు 4 × (4 ÷ 2.5) = 6.4 సెం.మీ. నుదుటి పైభాగం నుంచి గడ్డం దాకా ముఖం 18, 20 సెం.మీ. ఉంటుంది కాబట్టి మూడు గీతలు పడతాయి. ఒక చీకటి, ఒక వెలుగు, ఒక చీకటి, లేదా దానికి తలకిందులు. ముఖానికి అంతకన్నా ఎక్కువ గీతలు పడితే చారల చొక్కాలా ఉంటుంది.

గీత అంచు ఎంత చెదురుతుందో చెప్పే లెక్క ఇంకోటి: లైటు మూతి వెడల్పు × (చట్రం నుంచి నటుడి దూరం ÷ లైటు నుంచి చట్రం దూరం). సీఓబీ చిప్ వెడల్పు సుమారు 3 సెం.మీ. అనుకుంటే చెదిరేది 1.8 సెం.మీ., గీత స్పష్టంగా ఉన్నట్టే. అదే లైటుకు 15 సెం.మీ. రిఫ్లెక్టర్ తగిలిస్తే 9 సెం.మీ. చెదురుతుంది. గీత వెడల్పే 6.4 అయినప్పుడు ఇక మిగిలేది బూడిద రంగు మసక. 60 సెం.మీ. సాఫ్ట్‌బాక్సుతో 36 సెం.మీ., గీత ఉందన్న సంగతి కూడా తెలియదు. ప్యానెల్ లైటు వద్దన్నది ఇందుకే. అందులో వందల చిన్న ఎల్‌ఈడీలుంటాయి, ఒక్కోటీ తన సొంత నీడ వేసి అన్నీ కలిసి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

కాబట్టి రిఫ్లెక్టర్ తీసేసి చిప్పును అలాగే వాడండి. పక్కలకు చిమ్మే వెలుగును నల్ల అట్టలతో ఆపండి, గాలి ఆడే రంధ్రాలు మాత్రం మూయకండి. ఫ్రెనెల్ అయితే పూర్తిగా ఫ్లడ్‌లో (వెలుగు వెడల్పుగా పరుచుకునే అమరికలో) ఉంచండి. స్పాట్‌లో (వెలుగు ఒకచోటికి చేరే అమరికలో) పెడితేనే నీడ పదునుగా వస్తుందని చాలామంది అనుకుంటారు, జరిగేది దానికి ఎదురు. ఫ్లడ్‌లో బల్బు లెన్సుకు దగ్గరగా వచ్చి వెలుగు మూలం చిన్నదవుతుంది. టంగ్‌స్టన్ లైటుకు సన్‌బోర్డును మీటరు కన్నా దగ్గరగా తేవద్దు, మెత్తబడి వంగిపోతుంది. ఇంకా దగ్గరైతే పొగే.

లైటును నటుడి తల కన్నా ఎత్తులో, కాస్త కిందికి వంచి ఉంచండి. వీధి దీపం కిటికీలోంచి పడుతున్న భావన అప్పుడే వస్తుంది. చట్రాన్ని 10 డిగ్రీలు పక్కకు వాల్చండి. తిన్నగా ఉన్న గీతలు గ్రాఫు కాగితాన్ని గుర్తుచేస్తాయి. కాస్త ఏటవాలుగా ఉన్నప్పుడే చూసేవాడికి ఏదో సరిగా లేదనిపిస్తుంది. ఎక్కువ వాల్చితే, 25 డిగ్రీలు దాటితే, కిటికీ ఊడిపోయిందేమో అనిపిస్తుంది.

ఇప్పుడు ముఖం

మూడు గీతల్లో వెలుగు గీత ఎక్కడ పడాలి? ఒప్పుకోలు సన్నివేశానికి కళ్ల మీద. నోరు చీకట్లో ఉండాలి. మాట వినపడుతుంది, అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపించదు, చెబుతున్న మనిషి కళ్లు మాత్రం తప్పించుకోలేవు. అబద్ధం చెప్పే సన్నివేశానికి దీన్ని తిరగేయండి, నోటి మీద వెలుగు, కళ్లు చీకట్లో. ఇది నియమమేమీ కాదు గానీ ఒకే సినిమాలో రెండూ వాడితే ఆ తేడా ప్రేక్షకుడికి ఎవరూ చెప్పకుండానే అందుతుంది.

గీతను కళ్ల మీదికి తేవడానికి లైటును కదపొద్దు. చట్రాన్ని పైకీ కిందికీ జరపండి. 1 సెం.మీ. జరిపితే ముఖం మీద 1.6 సెం.మీ. జరుగుతుంది. లైటును కదిపితే గోడ మీది నీడ కూడా మారి ముందు తీసిన షాటుతో అతకదు. నటుడు మాట్లాడుతూ రెండు అంగుళాలు ముందుకు వంగినా కళ్లు గీతలోంచి జారిపోతాయి. కుర్చీ కాళ్లను టేపుతో నేలకు అంటించండి. వీపును కుర్చీకి ఆనించి కూర్చోమని చెప్పండి. ఒప్పుకోలులో ఏదో ఒక మాట దగ్గర కావాలనే ముందుకు వంగి చీకట్లోకి వెళ్లేలా చేస్తే అదే ఈ సీనుకు ప్రాణమవుతుంది, కానీ ఒక్కసారే.

టేబుల్ ల్యాంపు సంగతి. నెఫ్ ఆఫీసులో లాగే బల్ల మీద ల్యాంపు ఉంటే గదిలో వెలుగు ఎందుకుందో కారణం దొరుకుతుంది. ముఖాన్ని వెలిగించే పని మాత్రం దానికి అప్పగించొద్దు. 9 వాట్ల బల్బు తీసి 3, 5 వాట్లది పెట్టండి. షేడు లోపల కెమెరా వైపు ఒక పొర బటర్ పేపర్ అంటిస్తే షేడు తెల్లగా కాలిపోకుండా ఉంటుంది (ఎల్‌ఈడీ బల్బయితేనే. పాత ఫిలమెంటు బల్బుకు కాగితం తగలనివ్వొద్దు). ల్యాంపు వెలుగు బల్ల మీద, చేతుల మీద పడాలి. చేతులు వెలుగులో, ముఖం ఊచల వెనక. నేరం చేసింది చేతులే కదా.

నీడ వైపు కన్ను పూర్తిగా చచ్చిపోతే ఫోను స్క్రీనంత చిన్న లైటును కనిష్ఠ వెలుగులో కెమెరా లెన్సు పక్కనే పెట్టండి. ముఖం వెలగకూడదు, కంట్లో ఒక చుక్క మెరవాలి. అంతే.

కెమెరా కొలతలు

మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ 1/50 పెట్టండి. 24 ఫ్రేముల దగ్గర షట్టర్ కోణంలో చెప్పాలంటే 172.8 డిగ్రీలు. 1/60 పెడితే చవక బల్బులు వెలుగు అలల్లా కొట్టుకుంటాయి. ఆ ఫ్లికర్ ఎడిటింగ్ బల్ల దగ్గర గానీ బయటపడదు, అప్పటికి సెట్టు ఊడదీసి ఉంటారు.

ముఖం మీది వెలుగు గీతకూ నీడ గీతకూ 4 స్టాపుల తేడా పెట్టుకోండి, అంటే 16:1 (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). నేరానికి ముందు సీన్లలో గీతలు గోడ మీదే కాబట్టి, ముఖానికి వెలుగు వైపుకూ నీడ వైపుకూ తేడా 2 స్టాపులు చాలు (4:1). మామూలు సంసారపు సీనులా ఉండాలి. నీడ వైపు నల్లగుడ్డ తీసి, ఆ చోట థర్మోకోల్ పెడితే తేడా తగ్గిపోతుంది. కీ లైటును ముట్టుకోనక్కర్లేదు. ఇలా అయితే మూడు సీన్లకూ ఒకే అమరిక సరిపోతుంది.

వేవ్‌ఫార్మ్ (బొమ్మలోని వెలుగును 0 నుంచి 100 దాకా చూపే గ్రాఫు) ఉన్న మానిటర్ అయితే చామనఛాయ ముఖం మీది వెలుగు గీతను 45, 50 దగ్గర, నీడ గీతను 6, 8 దగ్గర, వెనక గోడ గీతలను 30, 35 దగ్గర ఉంచండి. ల్యాంపు షేడు 85 దాటొద్దు. నీడను సున్నాకు దించకండి. యూట్యూబు కుదింపులో ఆ నలుపు గడులు గడులుగా విడిపోతుంది, పగటి వెలుగులో ఫోను మీద చూసేవాడికి బొగ్గు ముద్దే కనిపిస్తుంది. తెలుపు చర్మం కొలతలు రాసిన ఇంగ్లీషు పట్టికలు చూసి ముఖాన్ని 65, 70కి లాగకండి. మన ముఖాలు సుద్ద పూసినట్టవుతాయి, గీతల పదును పోతుంది.

చీకటి సన్నివేశం కదా అని తక్కువ వెలుగులో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) పెంచి తీయడం అందరూ చేసే తప్పు. నీడల్లో పురుగులు పాకినట్టు నాయిస్ వస్తుంది. ఐఎస్ఓను కెమెరా బేస్ దగ్గరే ఉంచి కీ లైటును గట్టిగా కొట్టండి, ఒక స్టాపు ఎక్కువగానే తీసి గ్రేడింగులో (ఎడిటింగులో రంగూ వెలుగూ సరిదిద్దేటప్పుడు) దించండి. చీకటి సీనుకు కావాల్సింది తక్కువ లైటు కాదు, తక్కువ చోట పడే ఎక్కువ లైటు.

లెన్సు విషయంలో ఈ కాలపు అలవాటు 50 మి.మీ., ఎఫ్/1.8, వెనకంతా మసక. నోయిర్‌కు అది పడదు. వెనక గోడ మీది నీడ కూడా ఒక పాత్రే కాబట్టి అది ఫోకస్‌లో ఉండాలి. ఏపీఎస్-సి (మధ్య సైజు సెన్సరు ఉన్న) కెమెరా మీద 24 మి.మీ. లెన్సు, ఎఫ్/5.6 పెట్టి 5 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే సుమారు రెండున్నర మీటర్ల నుంచి చివరిదాకా అంతా స్పష్టంగా ఉంటుంది. నటుడు అంతకన్నా దగ్గరుంటే ఫోకస్ అతని మీద పెట్టి ఎఫ్/8కి వెళ్లండి. దీనికీ గట్టి కీ లైటే దిక్కు.

పొగ

గాల్లో తేలే దుమ్ము మీద వెలుగు పడి కనిపించాలని సైట్జ్ సెట్టులో సన్నటి అల్యూమినియం రజను గాల్లోకి ఊదించాడని చెబుతారు. మీరు ఆ పని చేయకండి. ఊపిరితిత్తులకు చేటు, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

మన దగ్గర సాంబ్రాణి ఉంది. 10×12 గదికి ఒక సాంబ్రాణి కప్పు వెలిగించి, ఫ్యాను ఆపి, తలుపులు మూసి నాలుగైదు నిమిషాలు ఆగండి. తర్వాత అట్టతో నెమ్మదిగా విసిరి గదంతా సర్దండి. తీగలు తీగలుగా ఉన్నప్పుడు కెమెరా తిప్పితే ఎవరో పూజ చేస్తున్నట్టుంటుంది. ఒక నిమిషం ఆగితే సమంగా పరుచుకుంటుంది. కప్పును ఫ్రేముకు దూరంగా, గుడ్డలకు దూరంగా, పింగాణీ పళ్లెంలో ఉంచాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు యూనిట్లో ఉంటే పొగ మాట మానేయండి. అపార్ట్‌మెంటులో స్మోక్ డిటెక్టర్ ఉందేమో ముందే చూసుకోండి.

వెలుగు కెమెరాకు ఎదురుగానో పక్కనుంచో వస్తేనే పొగలో కిరణాలు కనిపిస్తాయి. కెమెరా వెనక నుంచి కొడితే పొగ మొత్తం తెల్ల తెరలా లేచి మీరు కష్టపడి తెచ్చుకున్న నలుపును తినేస్తుంది. కాబట్టి కెమెరాను చట్రానికి 90 నుంచి 120 డిగ్రీల కోణంలో పెట్టండి. పొగ టేకు టేకుకూ మారుతుంది. క్లోజప్పులన్నీ ఒక విడత, వైడ్ షాట్లన్నీ ఒక విడత తీస్తే అతుకు తెలియదు.

నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు

రంగుల్లోనే తీసి తర్వాత మార్చండి, మానిటర్‌లో మాత్రం నలుపు తెలుపు పెట్టుకుని చూడండి. కంటికి వేరుగా కనిపించే ఎరుపూ ఆకుపచ్చా నలుపు తెలుపులో ఒకే బూడిదగా కలిసిపోవచ్చు. ఎర్ర చీర, ఆకుపచ్చ గోడ అలాంటి జంటే. దుస్తులు ఎంచుకునే రోజే ఫోనులో మోనో ఫిల్టర్ పెట్టి ఒక్కో బట్టనూ గోడ ముందు చూడండి.

చానల్ మిక్సర్‌లో (నలుపు తెలుపులో ఏ రంగు ఎంత వెలగాలో నిర్ణయించే ఎడిటింగ్ సాధనంలో) ఎరుపు పెంచితే చర్మం నునుపుగా, తేటగా వస్తుంది, మచ్చలు మాయమవుతాయి. ఆకుపచ్చ పెంచితే చర్మం గరుకుగా, చెమట పట్టినట్టుగా, కంటి కింది నలుపు తేలి కనిపిస్తుంది. నేరానికి ముందు ఎరుపు 60, పచ్చ 30, నీలం 10. ఒప్పుకోలుకు ఎరుపు 30, పచ్చ 60, నీలం 10. అదే నటుడు పదేళ్లు అలిసినట్టుంటాడు. నీలాన్ని ఎక్కువ పెంచకండి, కెమెరా నాయిస్ ఎక్కువగా దాక్కునేది అక్కడే. ఒక చిక్కు ఉంది: కుంకుమ బొట్టు ఎరుపు మిక్సులో దాదాపు కనిపించకుండా పోతుంది, పచ్చ మిక్సులో నల్లగా తేలుతుంది. సీన్ల మధ్య బొట్టు మాయమైందని వ్యాఖ్యలు పడకుండా ఉండాలంటే మెరూన్ స్టిక్కర్ కన్నా నల్ల బొట్టు పెట్టడం మేలు.

నెత్తురు కూడా అంతే. ఎర్ర రంగు నీళ్లు నలుపు తెలుపులో టీ మరకలా ఉంటాయి. చాక్లెట్ సిరప్ చిక్కగా, నల్లగా పడుతుంది, 1960 నాటి ‘సైకో’లో స్నానాల గది సీనుకు వాడిందదే. ఒప్పుకోలు సాగుతున్న కొద్దీ చొక్కా మీది మరక పెరగాలంటే లోపల స్పాంజి ముక్క కట్టి, టేకుల మధ్య సిరంజితో 2 మి.లీ. చొప్పున ఎక్కించండి. ఏ డైలాగు దగ్గర ఎంత మరకో ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి.

మాట, శబ్దం

ఒప్పుకోలు ఎవరితో అన్నది తేలకుండా రాయకండి. నెఫ్ పోలీసులకు చెప్పడు, కీస్‌కు చెబుతాడు. అదే కంపెనీలో క్లెయిములు చూసే, తనను నమ్మిన పెద్దాయనకు, మోసాన్ని వాసన పట్టే మనిషికి, ఆ హత్య గుట్టు విప్పడానికి దగ్గర దాకా వచ్చి పక్కనే ఉన్న నెఫ్‌ను చూడలేకపోయినవాడికి. తెలుగులో రాస్తే పిలుపుతోనే సగం చెప్పొచ్చు. మొదట ‘సార్’ అని ఉద్యోగపు మాటలతో మొదలుపెట్టి, ఎక్కడో మధ్యలో తనకు తెలియకుండానే ‘అన్నా’ అనేస్తే అక్కడ మనిషి విరిగాడని అర్థం. ‘నేను తప్పు చేశాను’ అన్న వాక్యం రాయాల్సిన పనే లేదు. బొమ్మలో కనిపించేదాన్ని వాయిస్‌ఓవర్‌లో చెప్పకండి. కనిపించనిది చెప్పండి: ఆ రోజు ఎంత ఎండ ఉంది, ఇంట్లో ఏం వాసన వచ్చింది, తన అడుగుల చప్పుడు తనకే ఎందుకు వినపడలేదు.

శబ్దం రికార్డు చేసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. బండి తాళాలు ఫ్రిజ్‌లో పెడితే ఇంటికెళ్లేముందు దాన్ని మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ఎవరూ కదలకుండా ఖాళీ గది శబ్దం 60 సెకన్లు పట్టుకోండి. గతంలోకి వెళ్లే షాట్ల మీద నడిచే గొంతును వేరేగా, బట్టలున్న బీరువా తలుపులు తెరిచి దాని ముందు, మైకుకు 15 సెం.మీ. దూరంలో చెప్పించండి. గదిలో గొంతుకు గోడలుంటాయి, జ్ఞాపకంలో గొంతుకు ఉండకూడదు.

ఆఖరి షాటు: అగ్గిపుల్ల

‘డబుల్ ఇండెమ్నిటీ’ పొడవునా కీస్ దగ్గర అగ్గిపెట్టె ఉండదు. ప్రతిసారీ అతని చుట్టను వెలిగించేది నెఫే. చివర్లో కూలబడిన నెఫ్ సిగరెట్టును కీస్ వెలిగిస్తాడు. ఇద్దరి మధ్య ఏముందో ఆ ఒక్క పుల్ల చెప్పేస్తుంది. మీ కథలో సిగరెట్టు పెడితే పొగాకు హెచ్చరికల నిబంధన వెంట వస్తుంది. కరెంటు పోయినప్పుడు వెలిగించే కొవ్వొత్తి అదే పని చేస్తుంది. మొదటి సీనులో చిన్నవాడు పెద్దాయనకు వెలిగించనివ్వండి, చివర పెద్దాయన చిన్నవాడికి.

ఈ షాటుకు కీ లైటు ఆపేయండి. ల్యాంపు కనిష్ఠానికి దించండి. లెన్సు ఎఫ్/2కి తెరిచి, ఐఎస్ఓ 1600 దాకా పెంచొచ్చు, ఈ ఒక్క షాటుకే. ఒట్టి పుల్ల వెలుగు ముఖం దాకా చాలదు. వెలిగించే చేతి అరచేతిలో, కెమెరాకు కనిపించని వైపు, నారింజ జెలటిన్ (రంగు ప్లాస్టిక్ కాగితం) చుట్టిన చిన్న ఎల్‌ఈడీ దాచి, పుల్ల గీసిన క్షణానే నటుడు బొటనవేలితో నొక్కాలి. ముందుగా నొక్కితే టార్చి లైటు అవుతుంది. ఇరవైసార్లు రిహార్సల్ చేయించండి, పుల్ల గీయకుండా. పుల్ల పది సెకన్లకు మించి చేతిలో నిలవదు కాబట్టి డైలాగు అందులో ఇమడాలి, ఇమడకపోతే డైలాగు కత్తిరించండి. పక్కన నీళ్ల గిన్నె ఉంచండి. పుల్ల ఆరిపోయాక వెంటనే కట్ చెప్పకుండా ఇంకో 5 సెకన్లు కెమెరా తిరగనివ్వండి, ఎడిటింగులో టైటిల్స్ వేయడానికి కావాల్సింది ఆ నలుపే.